రెసిస్టర్ ఉండాల్సిన చోటు

నేను దొంగల్ని కనిపెట్టే పని చేస్తాను. ఇలా చెబితే వినడానికి గొప్పగానే ఉంటుంది. దగ్గరుండి చూస్తే నిచ్చెన ఎక్కడం, గోడకి బెజ్జాలు కొట్టడం, సీలింగు పలకల వెనక దుమ్ము మింగడం, అంతే. విల్లాలకీ బంగారం కొట్లకీ గోడౌన్లకీ అలారాలు పెడతాం. తలుపు తెరుచుకుంటే తెలిసే సెన్సర్ ఒకటి, గదిలో మనిషి కదిలితే తెలిసేది ఒకటి, వాటి వైర్లన్నీ వచ్చి చేరే ప్యానెల్ పెట్టె, అరవడానికి ఒక సైరన్. ఒంగోలులో ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివి వచ్చినవాణ్ణి. ఊళ్ళో అందరూ నేను దుబాయ్‌లో ఉన్నాననుకుంటారు. నేనుండేది షార్జాలో, సజ్జాలో, కంపెనీ క్యాంపులో. దుబాయ్ అంటే నాకు పనికి వెళ్ళేటప్పుడు వ్యాను కిటికీలోంచి కనబడే ఊరు.

నా భార్య నర్సు. రువైస్‌లో ఆసుపత్రిలో పని. దేశం ఒకటే గానీ నేను ఈ కొసన, ఆమె ఆ కొసన. మధ్యలో అబూధాబీ, అది దాటాక ఇసక, ఆ ఇసక అయిపోయాక ఇంకా ఇసక, చివరికి రిఫైనరీ పొగగొట్టాలు. ఆమెకి కంపెనీ క్వార్టర్ ఇచ్చారు. నాకు క్యాంపు గదిలో పై బంకు మంచం ఇచ్చారు. ఇద్దరి సెలవులూ కలిసినప్పుడు నేనే బస్సులు మారుకుంటూ వెళ్ళేవాణ్ణి.

ముక్కులో పుల్ల పెట్టి టెస్టు చేయించుకుంటే గానీ అబూధాబీ హద్దు దాటనివ్వని రోజుల్లో ఆమెకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. నేను ఒక విల్లాలో నిచ్చెన మీద ఉండగా ఫోన్ వచ్చింది, ఆసుపత్రిలో చేర్చారని. వెళ్ళి టెస్టు చేయించుకుని ఫలితం మెసేజీ కోసం కూర్చున్నాను. మర్నాడు ఆ మెసేజీ వచ్చేసరికి పాప లేదు. నేను రువైస్ చేరేసరికి ఆమె తోటి నర్సులూ, ప్రార్థనకి కలిసే రెండు మూడు కుటుంబాలవాళ్ళూ పాపని అబూధాబీ తీసుకెళ్ళి మట్టి చేసి తిరిగొచ్చేశారు.

నేను గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నా అడుగుల చప్పుడుకి తల తిప్పి, "ఎట్టా ఉన్నారు?" అంది. ఆమె నన్ను అడిగింది, నేను ఆమెని కాదు.

"బాగానే ఉన్నా," అన్నాను.

అది అబద్ధమని నేనిప్పటికీ అనను. నాకు నిజంగానే ఏమీ అనిపించలేదు. ఏడుపు రాలేదు, గుండె బరువెక్కనూ లేదు. అంతకుముందు నాకు కోపం ముక్కు మీదుండేది. డ్రిల్లు బిట్టు విరిగితే డ్రిల్లునీ, దాన్ని తయారుచేసిన దేశాన్నీ కలిపి తిట్టేవాణ్ణి. ఆ రోజు నుంచి అదీ పోయింది. పాపని నేను చూడలేదు. ఎట్టా ఉందని అడగనూ లేదు. అలా అడగొచ్చన్న సంగతే నాకు తట్టలేదు. సెలవు అయిపోగానే తిరిగొచ్చి, అదే విల్లాలో, నేను వదిలేసిన వైరు అక్కడే వేలాడుతుంటే పట్టుకుని పని పూర్తి చేశాను. ఇంటాయన బాగా చేశావని మెచ్చుకున్నాడు కూడా.

తర్వాత రోజూ ఫోన్లో ఒకే మాటలు. తిన్నారా, తిన్నా. నువ్వు తిన్నావా, తిన్నా. ఒంట్లో ఎట్టా ఉంది, బాగానే ఉంది. డ్యూటీ ఉంది, ఉంటా. సరే ఉంటా. రెండేళ్ళు ఇట్టాగే నడిచింది. పోట్లాట లేదు. మా క్యాంపులో పెళ్ళాలతో ఫోన్లో కొట్లాడుకునేవాళ్ళని చూస్తే నాకు వాళ్ళు వేరే భాషలో మాట్లాడుకుంటున్నట్టు ఉండేది.

అలాంటి ఒక ఫోన్లోనే, తిన్నారా తిన్నా అయ్యాక, ఐర్లండ్ మాట వచ్చింది. అక్కడి ఆసుపత్రికి ఆమె ఇంటర్వ్యూ ఇచ్చిందట, రమ్మన్నారట. "మీకు ఇక్కడ రువైస్‌లో ఏదన్నా దొరికితే నేను వాళ్ళకి వద్దని చెబుతా. లేదంటే ఎల్తా. ముందు నేనెళ్ళి, తర్వాత మిమ్మల్ని పిలిపించుకుంటా," అంది. కోపంగా అనలేదు, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నట్టు అంది. ఆ 'తర్వాత' అనేది ఎప్పటికీ రాదని నాకు తెలుసు. ఆమెకీ తెలుసు. "సరే, చూస్తా," అన్నాను.

రువైస్‌లో పని ఉండనే ఉంది. అక్కడి ఇళ్ళ కాలనీల్లో అలారాలూ కెమెరాలూ చూసుకునే కాంట్రాక్టరు దగ్గర మనిషి కావాలి. కాకపోతే కార్డు ఉండాలి. ఈ దేశంలో అలారం పెట్టాలంటే చేతిలో పనుంటే చాలదు, సర్కారు గుర్తించిన చోట ట్రైనింగ్ తీసుకుని, రాతపరీక్షా చేతిపనీ రెండూ పాసై కార్డు తెచ్చుకోవాలి. ఎమిరేట్ అంటే ఇక్కడి రాష్ట్రం, అది మారితే కార్డు మారుతుంది. ఇన్నాళ్ళూ నేను మా ఫోర్మన్ కార్డు కింద హెల్పర్‌గా బండి లాగించాను. రువైస్‌లో అది కుదరదు. కాంట్రాక్టరు ఫోన్లో ఒకే ముక్క చెప్పాడు, అబూధాబీ కార్డు తెచ్చుకో, రేపే చేర్చుకుంటా, లేదంటే వేరేవాణ్ణి చూసుకుంటా అని.

మా ఫోర్మన్ కడప మనిషి, సాయిబు, అందరం కడప భాయ్ అంటాం. గల్ఫ్‌కి వచ్చి ఎన్నేళ్ళయిందో ఆయనకే సరిగ్గా గుర్తులేదు. నాకు ఈ పని నేర్పింది ఆయనే. విషయం చెబితే నా నెత్తిన చెయ్యి పెట్టి దీవించినంత పని చేశాడు. "పోప్పా, పోయి రాసి రా. నీకేం తక్కువ, చేతులు బంగారం. భార్యాభర్తలు ఒకచోట ఉండాల. ముదీర్‌తో నేను మాట్లాడతా, సెలవు ఇస్తాడు," అన్నాడు. అన్నట్టే మేనేజరుతో మాట్లాడి సెలవు ఇప్పించాడు.

ట్రైనింగ్ అబూధాబీ పక్కన ముసఫ్ఫాలో, గ్యారేజీల మధ్య ఒక మేడ మీద. నాతోపాటు నేపాలీలు, మలయాళీలు, ఇద్దరు ఈజిప్టువాళ్ళు ఉన్నారు. ఏసీ ఎంత చల్లగా ఉందంటే అందరం చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చునేవాళ్ళం. పాఠం చెప్పేది సూడాన్ దేశపు పెద్దాయన. ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. ఇంగ్లీషులో చెప్పేవాడు, మా మొహాలు చూసి మధ్యమధ్య హిందీలోకి దిగేవాడు, ఎవరైనా కునికితే అరబ్బీలో గదమాయించేవాడు.

మొదటి రోజే ఒక ప్రశ్న వేశాడు. ఒక ఇంటికి అలారం పెట్టడానికి వెళ్ళారు, మొట్టమొదట ఏం చేస్తారు? ఒకడు ప్యానెల్‌కి చోటు చూస్తానన్నాడు. ఒకడు కిటికీలు లెక్కపెడతానన్నాడు. నేను పవర్ పాయింటు చూస్తానన్నాను. ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు. "ఇంటివాణ్ణి అడగాలి. నీకు ఏది పోతే భయం అని అడగాలి. అది తెలియకుండా సెన్సర్ ఎక్కడ పెడతారు?" అన్నాడు. మేం నోట్సులో రాసుకున్నాం. మనకి ఆ ఇంటివాళ్ళు మంచినీళ్ళిస్తే గొప్ప, భయాలు కూడా చెబుతారా అని పక్కన మలయాళీ గొణిగాడు. నాకు నవ్వు రావాల్సిన చోటే గానీ రాలేదు.

రాతపరీక్ష కంప్యూటర్ మీద. బ్యాటరీ ఎంతసేపు ఆగాలి, మోషన్ సెన్సర్ ఏసీ గాలికి ఎదురుగా ఎందుకు పెట్టకూడదు, ఇంటివాళ్ళు లోపలికొచ్చి కోడ్ కొట్టేదాకా అలారం ఎందుకు ఆగాలి, ఇలాంటివి. మార్కులు బాగానే వచ్చాయి. చేతిపని గురించి నాకు చింతే లేదు. అది నేను నిద్రలో కూడా చేస్తాను.

చేతిపని పరీక్షకి ఒక్కొక్కరికీ ఒక చెక్క పలక ఇచ్చారు. దానికి ఒక ఉత్తుత్తి తలుపు, తలుపుకి సెన్సర్, ఈ పక్కన ప్యానెల్, పైన చిన్న సైరన్. వైర్లు మనం కలపాలి. అందరికంటే ముందు నాదే అయిపోయింది. ప్యానెల్ మీద పచ్చలైటు వెలిగింది. తలుపు తెరిచాను, సైరన్ కూసింది. మూశాను, ఆగింది. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఉస్తాద్ వచ్చాడు. నాలాగే తలుపు తెరిచి మూసి చూశాడు. తర్వాత జేబులోంచి రెండు కొసలా క్లిప్పులున్న చిన్న వైరు ముక్క తీసి, సెన్సర్‌కీ ప్యానెల్‌కీ మధ్యలో, నా రెండు తీగల్నీ దాంతో కలిపేశాడు. దొంగ చేసే పని అది. అప్పుడు తలుపు బార్లా తెరిచాడు.

సైరన్ కూయలేదు. పచ్చలైటు అట్టాగే వెలుగుతోంది.

ఆయన ప్యానెల్ మూత తీశాడు. లోపల, వైరు ప్యానెల్లోకి వచ్చే చోటే, నేను పెట్టిన రెసిస్టర్ ఉంది. బియ్యపు గింజంత ముక్క, మీద రంగు గీతలు. దాని సంగతి కొంచెం చెప్పాలి. ప్యానెల్ వైరు పొడుగునా ఆ గింజ కోసం వెతుక్కుంటూ ఉంటుంది. అది కనబడినంతసేపూ అంతా క్షేమమని పచ్చలైటు వెలిగిస్తుంది. ఆ గింజని పెట్టాల్సింది వైరు చివర, తలుపు దగ్గర, సెన్సర్ డబ్బీ లోపల. అప్పుడు మధ్యలో ఎవడు వైరుని ముట్టుకున్నా ప్యానెల్‌కి గింజ కనబడదు, అరుస్తుంది. దాన్నే ప్యానెల్లో పెట్టేస్తే ఎప్పుడూ కళ్ళ ముందే కనబడుతుంది. అవతల ఎవడైనా రెండు తీగల్నీ కలిపేస్తే, ఇక తలుపు తెరిచినా దానికి తెలియదు.

మేం సైట్లలో ఎప్పుడూ ప్యానెల్లోనే పెడతాం. కడప భాయ్ నాకు మొదట నేర్పిందే అది. "ఈడ్నే కట్టేసేయప్పా, ఖలాస్. మళ్ళ దానికోసం నిచ్చెన ఎక్కేది దిగేది ఎవరు చేస్తారు. ఇట్ల పెడితే కస్టమరు మళ్ళ ఫోన్ చెయ్యడు, ఎప్పుడు చూసినా పచ్చలైటే," అనేవాడు. నిజమే, ఒక్క కస్టమరూ మళ్ళీ ఫోన్ చేసేవాడు కాదు. తలుపు తెరిస్తే సైరన్ ఎలాగూ కూస్తుంది. ఇంకేం కావాలి? నా చేతులు నన్ను అడక్కుండానే ఆ గింజని ప్యానెల్లో బిగించేశాయి.

ఉస్తాద్ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. పచ్చలైటు మీద వేలు పెట్టి, "అంతా బాగుందని చెబుతోంది ఇది. దీనికెవరు చెప్పారు? తలుపు చెప్పలేదు. నువ్వే చెప్పిపెట్టావు," అన్నాడు. నా పలక మీద ఎర్ర స్టిక్కర్ అంటించి పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయాడు.

కిందికి దిగి వచ్చాను. ఎండ చుర్రుమంటోంది. గ్యారేజీలో ఎవడో టైరు విప్పుతున్నాడు. ఫోన్ మోగింది, ఆమె.

"ఎట్టా జరిగిందండీ?"

"బాగానే జరిగింది," అన్నాను.

"సరేలెండి, వార్డులో ఉన్నా. తిన్నారా?"

"తిన్నా."

తినలేదు. ఆమె ఫోన్ పెట్టేసింది. నేను ఫోన్ వంక చూస్తూ నిలబడ్డాను. ఫెయిలైన విషయం ఆమెకి చెప్పకూడదని నేను అనుకోలేదు. దాచాలన్న ఆలోచనే లేదు. ఆమె అడిగింది, నోట్లోంచి ఆ మాట వచ్చింది. వెతుక్కోనక్కర్లేకుండా, ఎప్పుడూ నోటి దగ్గరే పెట్టుకున్న మాట. ఉస్తాద్ వేలు పెట్టి చూపించిన పచ్చలైటు గుర్తొచ్చింది. నాకు ఒక్కసారిగా భయమేసింది. అంతకాలం తర్వాత నాలో మొదట కలిగింది ఆ భయమే.

పక్కన కెఫెటేరియాలో చాయ్ తాగాను. మళ్ళీ ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఇంకోసారి చేశాను. ఇంకోసారి. చివరికి ఎత్తి, "ఏవైందండీ?" అంది, గొంతు మారిపోయి.

"ఫెయిలయ్యాను."

అవతల ట్రాలీ చక్రాల చప్పుడు వినబడుతోంది. అది ఆగింది.

"ఇందాక బాగానే జరిగిందన్నారుగా."

"అన్నా. ఎందుకన్నానో తెలీదు."

"ఏం తప్పు చేశారు?"

చెప్పాను. గింజ సంగతి, చివర పెట్టాల్సింది పెట్టెలో పెట్టిన సంగతి, తలుపు తెరిచినా పచ్చగానే ఉన్న సంగతి. ఆమె నర్సు కదా, వెంటనే పట్టేసింది. "అంటే మానిటర్ వైరు పేషెంటుకి పెట్టకుండా మానిటర్‌కే తగిలించారన్నమాట," అంది.

"అంతే."

"పేషెంటు పోయినా తెలీదు."

"తెలీదు."

ట్రాలీ చక్రాలు మళ్ళీ కదిలాయి. తర్వాత, "మీరు మళ్ళీ రాయండి. ఐర్లండ్ వాళ్ళని ఇంకొంచెం ఆగమని అడుగుతా," అంది. నేను ఊపిరి వదిలేలోపే ఇంకో మాట అంది. "నేను ఎల్తానంటోంది మీరు దూరంగా ఉన్నారని కాదండీ. దూరం నాకు అలవాటే. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మీరు నన్ను పాప గురించి ఒక్క మాటా అడగలేదు. ఒక్కటంటే ఒక్కటి."

నేను ఏదో అనబోయాను.

"ఫోన్లో వద్దు," అంది.

సజ్జాకి తిరిగొచ్చి కడప భాయ్‌కి చెప్పాను. పెద్దగా నవ్వి, మధ్యలో నవ్వు ఆపేశాడు. "నేను నేర్పిందే నిన్ను ముంచింది కదప్పా," అని స్టోరు నుంచి ఒక పాత ప్యానెలూ సెన్సర్లూ తెచ్చి నా బంకు మీద పడేశాడు. మళ్ళీ పరీక్షకి పిలిచేదాకా మా గదే నాకు పరీక్ష పలక అయిపోయింది. బాత్రూం తలుపుకి సెన్సర్ పెట్టాను. లైను బంకుల కిందుగా లాగాను. రెసిస్టర్ సెన్సర్ డబ్బీలోనే, ఆ చివరే. ఎవడు స్నానానికి వెళ్ళినా బజర్ మోగేది. "మన గదిలో ఏముందని దొంగ వస్తాడన్నా? వస్తే పాపం వాడికే మనం చాయ్ పొయ్యాల," అని గదిలోవాళ్ళు ఏడిపించేవాళ్ళు. నేను కట్టేవాణ్ణి, విప్పేవాణ్ణి, మళ్ళీ కట్టేవాణ్ణి. చేతులు ప్యానెల్ వైపు వెళ్ళబోయినప్పుడల్లా బలవంతంగా తలుపు వైపు తిప్పుకునేవాణ్ణి. కంటి చూపుకి గింజ ఎక్కడున్నా ఒకటే. చేతులకి మాత్రం చాలా కష్టమైంది.

రెండోసారి ఉస్తాద్ తన క్లిప్పుల వైరు తీసి నా లైను మీద పెట్టీ పెట్టకముందే ప్యానెల్ కెవ్వుమంది. నేను కూడా ఉలిక్కిపడ్డాను. ఆయన క్లిప్పు తీసేసి, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అరిచింది. "మబ్రూక్," అని నా భుజం తట్టాడు. అభినందన మాట అది. నాకు సంతోషం వేయలేదు. కాకపోతే ఆ అరుపు ఇంకాసేపు వినాలనిపించింది.

కార్డు చేతికొచ్చింది. కాంట్రాక్టరు మాట తప్పలేదు. సజ్జాలో బంకు ఖాళీ చేస్తుంటే కడప భాయ్ నా సంచిలో ఒక గుప్పెడు రెసిస్టర్లు పోశాడు, ఏదో తాంబూలం ఇచ్చినట్టు. బస్సులో అబూధాబీ దాటాక కిటికీలోంచి ఇసకనే చూస్తూ కూర్చున్నాను. దారిపొడుగునా అడగాల్సిన మాటని నోట్లో పెట్టుకుని తిప్పాను. ఏ మాటతో మొదలుపెట్టాలో తేలలేదు. అడిగితే ఏమవుతుందో అని భయంగానే ఉంది.

మధ్యాహ్నం చేరాను. తలుపు తీసింది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, యూనిఫాం కూడా మార్చుకోలేదు. నా సంచి అందుకుంటూ, అలవాటుగా, "ఎట్టా ఉన్నారు?" అంది.

నా నోటి దగ్గర ఆ మాట సిద్ధంగానే ఉంది. ఆపుకున్నాను.

"బాగాలేను," అన్నాను.

ఆమె సంచి కింద పెట్టేసింది. నా మొహం చూసింది. "లోపలికి రండి," అని, కంచం పెట్టి, అన్నం వడ్డించింది. ముద్దపప్పు, చేపల పులుసు. ఆమె కూడా ఎదురుగా కూర్చుంది గానీ కంచం పెట్టుకోలేదు. నేను అన్నంలో చెయ్యి పెట్టాను. కలపలేకపోయాను.

"పాప ఎట్టా ఉండింది?" అన్నాను.

"జుట్టు చాలా ఉందండీ," అంది. "నల్లగా, తడితడిగా. గుప్పిళ్ళు ముడుచుకుని ఉంది. చెవులు మీవే. నేను ముట్టుకుని చూశా, ఈ పైన మడత కూడా అచ్చం మీదే."

నేను ఎడమచేత్తో నా చెవి తడుముకున్నాను. ఆ మడత ఉందని నాకు తెలియదు. అప్పుడు ఏడుపొచ్చింది. చిన్నగా కాదు, ఇరుగుపొరుగు వినేటంత గట్టిగా వచ్చింది, అన్నం చేత్తోనే మొహం కప్పుకున్నాను. నొప్పిగా ఉంది, ఆ రోజు రావాల్సిన నొప్పే. ఆమె లేచి నా పక్కకి వచ్చి కూర్చుంది, నా చెయ్యి తీసి మొహం మీది మెతుకులు కొంగు లేక తన యూనిఫాం చేతి అంచుతోనే తుడిచింది. ఆమె కూడా ఏడుస్తోంది.

"ఇంకా అడగండి," అంది.

అడిగాను.